లోపలి జేబు

హలో… ఆ, నేనే… నా ఫోను నేను కాక ఇంకెవరు ఎత్తుతారు అన్నయ్యా?

… బాగానే ఉన్నా.

… బాగానే ఉన్నానని చెప్తున్నాగా! పొద్దున్నుంచి ఒక్క ఫోనూ చెయ్యకపోతే ఏదో అయిపోయినట్టేనా?

… అవును, రోజూ ఈపాటికి ఆరేడుసార్లు చేసేదాన్ని. స్టవ్ కట్టేశానా అన్నయ్యా, కొళాయి కట్టేశానా అన్నయ్యా, తలుపుకి తాళం వేశానా అన్నయ్యా… నువ్వు కొట్లో కూర్చుని, ఇక్కడి తలుపు నీకు కనపడదు కదా, అయినా "వేశావులేమ్మా" అనేవాడివి. అప్పుడు గానీ నాకు ఊపిరాడేది కాదు. ఎనిమిది నెలల్నుంచి అదే కదా మన భాగోతం.

… ఇవాళ చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు.

… ఆ మిషను తొక్కడం ఆపుతావా కాసేపు? … వినపడుతోంది. టకటకటకమని. నాతో మాట్లాడుతూ చొక్కా కుట్టేస్తుంటావు. సగం చెవి నాకు, సగం చెవి ఆ గుడ్డకి.

… ఏ సంతకం?

… ఓహో, రాజీనామా కాగితమా. పెట్టలేదు.

… తెలుసు. ఇవాళే ఆఖరి రోజని పొద్దున నువ్వు రెండుసార్లు చెప్పావు, వదిన బయటికెళ్తూ ఒకసారి చెప్పింది. ఐదింటిలోపు లిఫ్టు కంపెనీ ఆఫీసులో ఇచ్చెయ్యాలి. సోమవారం నుంచి స్కూలు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఫ్యాను కింద కుర్చీ, టేబులు, రిజిస్టరు. అన్నీ గుర్తున్నాయి నాకు. గుర్తుంచుకునే శక్తి ఇంకా పోలేదు.

… పెట్టలేదంటే పెట్టలేదు. కాగితం బల్ల మీదే ఉంది. గాలికి ఎగరకుండా నీ పాత కత్తెర దాని మీద పెట్టాను.

… పెడదామనే కూర్చున్నాను అన్నయ్యా. పెట్టే ముందు కాగితమంతా చదివాను. మనింట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినదాన్ని, చదవకుండా ఎలా పెడతాను? కింద చిన్న అక్షరాల్లో ఉంది. కంపెనీ వస్తువులు తిరిగి ఇచ్చెయ్యాలట. గుర్తింపు కార్డు, బూట్లు, హెల్మెట్టు. ఒకళ్ళ సొమ్ము మనింట్లో నిలవకూడదనేది కదా అమ్మ. అందుకని వెతికాను.

… ఎక్కడేమిటి, ఇల్లంతా. బీరువాలో చూశాను. మంచం కింద చూశాను. తర్వాత స్టూలు వేసుకుని అటకెక్కాను.

…

మిషను ఆగిపోయిందే! ఇందాక నేను ఆపమంటే ఆపలేదు.

… ఆ, అదే. ఖాకీ సంచి. పాత దుప్పట్ల వెనకాల. మూతి దగ్గర డబుల్ కుట్టు వేసి మరీ దాచావు. పళ్ళతో తెంపాల్సి వచ్చింది.

… కాల్చేశానన్నావు అన్నయ్యా! నా యూనిఫాం కాల్చేశాను, బూడిద కూడా ఊడ్చి పారేశాను, ఇంక దాని ఊసెత్తకు అన్నావు. ఆ రోజు నీ చేతులు పట్టుకుని ఏడ్చాను. మంచి పని చేశావన్నాను. నీకు గుర్తుందా, లేకపోతే అది కూడా నేనే ఊహించుకున్నానా?

… కస్టమరుంటే పంపించెయ్యి. సాయంత్రం రమ్మను. … లేదు, నువ్వు తర్వాత చెయ్యడం లేదు, నేను తర్వాత మాట్లాడడం లేదు. ఇప్పుడే. … పంపించావా? అద్దాల తలుపు వేసుకుని కూర్చో.

… అరుస్తాను. ఎనిమిది నెలలు ఈ ఇంట్లో పిల్లిలా తిరిగాను. చెంచా కింద పడితే ఉలిక్కిపడ్డాను. ఇవాళ అరుస్తాను. పక్కింటావిడ వింటే వినని. కావాలంటే కుర్చీ తెచ్చుకుని కూర్చోమంటాను.

… నీకు తెలియని సంగతొకటి ఉంది, నీకు బాగా తెలిసిన సంగతొకటి ఉంది. ముందు తెలియనిది విను.

సంచిలో యూనిఫాం ఉతక్కుండానే ఉంది. మోచేతి దగ్గర గ్రీజు. కింద అంచుకి… ఆ రోజు అంటిన నెత్తురు. ఎండిపోయి అట్టకట్టింది.

… పడిపోలేదు. పడిపోయావా అని అడగడం తప్ప నీకు ఇంకో ప్రశ్న రాదా? కూర్చున్నాను. అటక మీదే, ఆ దుమ్ములోనే. కూర్చుని లోపలి జేబులో చెయ్యి పెట్టాను.

… అదే, నువ్వు వేసిన జేబు. కంపెనీవాళ్ళ చొక్కాకి లోపల జేబుండదు. ఉద్యోగంలో చేరే ముందురోజు తాళంచెవి ఎక్కడ పెట్టుకోనని నేను గోల పెడితే, కుట్టు విప్పి, ఎడమవైపు లోపల జేబు వేసి, మూత పెట్టి, గుండీ కుట్టావు. "ఇది పోవాలంటే చొక్కా పోవాలి" అన్నావు మీసం తిప్పి.

గుండీ పెట్టింది పెట్టినట్టే ఉంది అన్నయ్యా. లోపల తాళంచెవి ఉంది.

… ఏ తాళంచెవేమిటి! నా తాళంచెవి. లిఫ్టు స్విచ్చికి వేసే తాళానిది.

… ఉంటే ఏమిటా? ఉంటే ఏమిటంటావా! … ఆగు. నీ తప్పు కాదులే ఇది. ఇది నీకు తెలియదు. తెలిసినవాళ్ళు ఆ రోజు అడగలేదు. నన్ను గోడకి నిలబెట్టి అరగంట సేపు ప్రశ్నలేసినవాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "అమ్మాయీ, నీ తాళంచెవి ఎక్కడుందో చూపించు" అనలేదు. నాకూ తట్టలేదు. అదీ నా కడుపుమంట.

విను. లిఫ్టు అడుగున గుంట ఉంటుంది. దాన్లోకి దిగేముందు మెయిన్ స్విచ్చి ఆపేసి తాళం వేస్తాం, మేం లోపల ఉండగా ఎవరూ కరెంటు పెట్టకుండా. ఎర్ర తాళం. దానికి ఒకటే చెవి. వేసినవాళ్ళే తియ్యాలి. ఇదంతా నీకు చెప్పిందే.

చెప్పనిది ఏమిటంటే, ఆ తాళం మన ఇంటి తాళం లాంటిది కాదు. తెరిచి ఉన్నంతసేపూ చెవి దాన్లోంచి ఊడిరాదు. మెలిపెట్టినా రాదు, పీకినా రాదు. కొక్కెం నొక్కి తాళం వేస్తేనే చెవి బయటికొస్తుంది. వెయ్యకుండానే వేశామనుకుని చెవి జేబులో వేసుకునే మతిమరుపు మహానుభావులుంటారని అలా తయారుచేశారు.

… ఇంకా అర్థం కాలేదా? నేను తాళం తీసుంటే చెవి ఆ తాళానికే వేలాడుతుండేది. జేబులోకి రాదు. నా జేబులో చెవి ఒక్కటే ఉంది. తాళం లేదు. గుండీ పెట్టి ఉంది.

నేను తాళం వేశాను అన్నయ్యా. వేశాను. తియ్యలేదు.

… ఆగు, నన్ను పూర్తిగా చెప్పనీ. ఇన్నాళ్ళూ "వద్దులే, గుర్తు చేసుకోకు" అని నోరు మూయించావు. ఆ రోజు మేస్త్రి గారూ నేనూ గుంటలో ఉన్నాం. గ్రీజు డబ్బా వ్యానులో ఉండిపోయిందని నేను పైకొచ్చాను. స్విచ్చి ఉన్న గది ముందు నుంచే వెళ్ళాను. పని అయిపోయి పైకొచ్చినప్పుడల్లా ఆ గదిలోకెళ్ళి తాళం తియ్యడం నాకు అలవాటు. వ్యాను తలుపు తీసి డబ్బా వెతుకుతున్నాను, లోపల లిఫ్టు కదిలిన చప్పుడైంది. తర్వాత ఆయన అరుపు.

… చెప్పగలను.

పరిగెత్తుకొచ్చి చూస్తే స్విచ్చికి తాళం లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న. తాళం నీది, చెవి నీ దగ్గరే ఉంటుంది, నువ్వు తియ్యకపోతే ఎవరు తీశారు? అలవాటు కొద్దీ వెళ్తూ వెళ్తూ తీసేశావేమో? ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్నారు. మోకాలి కింద చూడలేకపోయాను. ఆ గోలలో నేనేమన్నానో తెలుసు కదా. "అవునేమో" అన్నాను.

అవునేమో! ఆ ఒక్క మాట నన్ను ఎనిమిది నెలలు చెదపురుగులా తినేసింది.

తాళం వేసినట్టు నా చేతికి గుర్తుంది అన్నయ్యా. టక్కుమన్న చప్పుడు, రెండుసార్లు కిందికి లాగి చూడడం, చెవి జేబులో వేసి గుండీ పెట్టుకోవడం, అన్నీ. కానీ ఒక మనిషి కాలు పోయింది కదా, నా చెయ్యే అబద్ధం చెప్తోందనుకున్నాను. ఇంక అక్కణ్ణుంచి అన్నీ అవునేమోలే. స్టవ్ కట్టేశానా, అవునేమో. తలుపేశానా, అవునేమో. ఒకరోజు పళ్ళు తోముకున్నానా అని వదిననడిగాను. వేళాకోళమనుకుని నవ్వింది పాపం.

… ఇవాళ కూడా. ఇవాళ కూడా ఏం చేశానో చెప్పనా? తాళంచెవి అరచేతిలో పెట్టుకుని నీకు ఫోన్ కలిపాను. మోగేలోపే కట్ చేశాను. ఏమడుగుదామని కలిపానో తెలుసా? "నా చేతిలో ఉన్నది తాళంచెవేనా అన్నయ్యా?" అని!

… నవ్వు, ఫర్వాలేదు. నేనూ నవ్వాను. అటక మీద బొద్దింకలకి నేనొక వింత. కట్ చేశాక చెవిని వేళ్ళతో తడిమాను. తల మీద గీసిన నంబరు చదివాను. నలభై ఒకటి. నా నంబరే. ఎవరినీ అడగలేదు.

… ఏమన్నావు? మళ్ళీ అను?

… "పోనీలే, నీ తప్పు కాదని తేలింది" … అబ్బో. ఎంత సంతోషమో! ఇప్పుడే మొదటిసారి విన్నట్టు ఎంత బాగా అన్నావు! నాటకాల్లో వేషాలు కట్టాల్సినవాడివి అన్నయ్యా, అనవసరంగా ఆ మిషను ముందు కూర్చున్నావు.

నీకు తెలిసిన సంగతి ఇప్పుడు చెప్తాను. సంచి అడుగున కవరుంది.

…

పైన పేరు నాది. చింపింది నువ్వు. చింపడం కూడా కాదు, కత్తెరతో అంచు పోకుండా కత్తిరించావు. దర్జీ చెయ్యి ఎక్కడికి పోతుంది! తారీఖు చూశాను. మూడు నెలలైంది.

… నువ్వు చెప్పొద్దు. నేను చదువుతాను. "విచారణలో తేలినదేమనగా, లిఫ్టు ఆగిపోయినదని పై అంతస్తువారు కేకలు వేయగా, సదరు భవనపు ఎలక్ట్రీషియన్ గుంటలో మనుషులున్నదీ లేనిదీ చూడక, స్విచ్చికి వేసియున్న తాళమును కట్టరుతో కత్తిరించి కరెంటు ఇచ్చినట్లు ఒప్పుకొనినాడు. కత్తిరించిన తాళము అతని సామాన్ల పెట్టెలో దొరికినది. ఈ ప్రమాదములో తమరి తప్పిదము ఏమియు లేదు."

ఏమియు లేదు! … ఆగు, ఇంకా ఉంది. "కావున తమరు ఈ ఉత్తరము అందిన మూడు నెలలలోపు తిరిగి విధులలో చేరవలసినదిగా కోరుచున్నాము."

చేరమన్నారు అన్నయ్యా. నువ్వేం చెప్పావు? రాజీనామా అడుగుతున్నారన్నావు. పరువుగా మనమే ఇచ్చేస్తే మంచిదన్నావు. ఆఖరి రోజన్నావు. ఆఖరి రోజు నిజమే, దేనికి ఆఖరి రోజో అది మాత్రం మింగేశావు.

… నా మంచికేనా? కంచే చేను మేస్తే ఆ చేను ఎవరితో చెప్పుకోవాలి?

… అబద్ధం చెప్పలేదా? అవును, చెప్పలేదు. నీ తెలివంతా అక్కడే ఉంది. ఈ మూడు నెలల్లో నిన్ను ఎన్నిసార్లు అడిగాను? అన్నం ముందు కూర్చుని, ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి, "ఆ తాళం నేనే తీశానంటావా అన్నయ్యా" అని ఎన్నిసార్లు అడిగాను? ప్రతిసారీ ఏమన్నావు? "తప్పులు ఎవరికైనా జరుగుతాయిలేమ్మా, తిను."

తప్పులు ఎవరికైనా జరుగుతాయి. అటక మీద నా ఉత్తరం దాచిపెట్టుకుని, ఆ మాటన్నావు. అవుననలేదు, కాదనలేదు. నా తల నిమిరావు. నీ చెయ్యి నా తల మీద ఉండగా నేను నేరస్థురాలిలా అన్నం తిన్నాను.

…

… నాన్న సంగతి మధ్యలోకి తేకు.

… తేవద్దన్నానా! నాన్న పరంజా మీద నుంచి పడి చనిపోయాడని నాకూ తెలుసు. నాకు నాలుగేళ్ళు, నీకు పదమూడు. ఆ మరుసటి వారమే నువ్వు బడి మానేసి మిషనెక్కావు. అప్పుడు కాళ్ళు పెడలుకి అందకపోతే దానికి చెక్కముక్క కట్టుకున్నావు. నా కాలేజీ ఫీజు కోసం రాత్రింబవళ్ళు స్కూలు చొక్కాలు కుట్టావు. ఏదీ మర్చిపోలేదు. మర్చిపోలేదు కాబట్టే నా కళ్ళకంటే నీ నోటిని ఎక్కువ నమ్మాను. ఇంకొకరెవరైనా దాచుంటే ఇంత మండేది కాదు.

… నేను బయటికెళ్తే నీకు నిద్రపట్టదు, నిజమే. అందుకని నాకు నిద్ర లేకుండా చేశావా?

… ఇంకొకటుంది. అదీ చెప్పేస్తాను, తర్వాత చెప్పలేదని అనకు. మేస్త్రి గారికి ఫోన్ చేశాను.

… అవును, చేశాను. "ఆయన ముఖం చూడకు, వాళ్ళావిడ నిన్ను తిట్టి పంపిస్తుంది" అన్నావు కదా. ఆవిడే ఎత్తింది. నా గొంతు వినగానే ఏడ్చి, "బతికే ఉన్నావా తల్లీ, ఇంతకాలం ఏ గుహలో ఉన్నావు" అంది. తర్వాత ఆయనకిచ్చింది.

"మీ అన్న కొట్టుకి రెండుసార్లొచ్చానమ్మా ఇంజనీరమ్మా. కర్ర పట్టుకుని, సందు మలుపు దగ్గర ఆటో దిగి. చెల్లెలు ఊళ్ళో లేదన్నాడు, వచ్చాక చెప్తానన్నాడు" అన్నాడు. చదువుకున్నదాన్నని నన్నలాగే పిలుస్తాడు.

ఊళ్ళో లేనా అన్నయ్యా? ఎక్కడికెళ్ళాను? నీ కొట్టుకి నాలుగు సందుల అవతల, ఇదే గదిలో కూర్చుని నీ చొక్కాలకే గుండీలు కుడుతున్నాను!

… ఆయన నీమీద చాడీ చెప్పలేదు. పొగిడాడు. అది ఇంకా ఘోరం. "మీ అన్న బంగారం. నా కాలు చూసి, కొలతలు తీసుకుని, ఆ పక్క పొట్టిగా, కట్టుడు కాలికి తట్టుకోకుండా ప్యాంటు కుట్టిచ్చాడు. మోకాలి దగ్గర లోపల మెత్తటి గుడ్డ కూడా వేశాడు" అన్నాడు.

ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని టేపు పట్టుకున్నావు కదా. ఆ లేని కాలు కొలిచావు కదా. "నీ చెల్లెల్ని చూడాలయ్యా" అని ఆయన అంటుంటే, సుద్దముక్కతో గీతలు గీస్తూ, ఊళ్ళో లేదన్నావు కదా. ఒక్క గీతైనా వంకర పోలేదా?

… పోయిందా.

…

… ఏడవకు. … అన్నయ్యా, ఏడవకు. నువ్వు ఏడిస్తే నా కోపం కరిగిపోతుంది. ఇవాళ అది నాకు కావాలి.

… ముక్కు తుడుచుకో. ఆ కస్టమరు చొక్కాతో కాదు.

… మేస్త్రి గారు ఇంకో మాటన్నారు. ఇద్దరు గుంటలో దిగితే స్విచ్చికి రెండు తాళాలుండాలి, ఎవరి తాళం వాళ్ళది. ఆ రోజు ఆయన తన తాళం వెయ్యలేదు. పెట్టెలోనే ఉంచేశాడు. "నీ తాళం ఉందిగా అని బద్ధకించానమ్మా. రెండుంటే, వాడు రెండోది కోసేలోపు ఒక్కసారైనా ఆలోచించేవాడేమో" అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు, అందరికీ నేర్పినాయన. నేను కూడా అడగాల్సింది. పెద్దాయనకి చెప్పేదేమిటని ఊరుకున్నాను. ఆ ఒక్కటీ నా తప్పే, కాదనను.

ఈ ఇంట్లో కూడా అదే చేశాను. నీ మాట ఉందిగా అని నా మాట పెట్టెలోనే ఉంచేశాను. పెద్దవాడివి కదా, నీకేం చెప్పగలననుకున్నాను.

… ఏం చేస్తానంటావా? టైమెంతైంది అక్కడ నీ గడియారంలో? … మూడుంబావు. ఐదింటి దాకా ఆఫీసుంటుంది.

ఆగు, ఒక్క నిమిషం. ఫోను బల్ల మీద పెడుతున్నా. విను…

… వినపడిందా? కర్‌ర్‌మని? నీ కత్తెరే. రాజీనామా కాగితం. అంచు పోకుండా, నీటుగా, నాలుగు ముక్కలు. పాతదైనా పదును బాగానే ఉంది.

… స్కూలువాళ్ళకి నువ్వే చెప్పు. నువ్వే మాట్లాడావు కదా, నువ్వే విడిపించుకో. మా చెల్లెలు ఊళ్ళో లేదని చెప్పు, నీకలవాటేగా.

… భయమా? ఎందుకుండదు? ఆ గుంట తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి. రేపు సగం దిగి ఆగిపోతానేమో. ఆగితే పైకొచ్చి కూర్చుంటాను. మళ్ళీ దిగుతాను. దిగలేకపోతే, దిగలేనని నేను చెప్తాను, నా నోటితో. నా బదులు నువ్వు చెప్పకు.

… నువ్వు రావద్దు. … కొట్టు మూసుకుని రావద్దు! బస్టాపు దాకా కూడా వద్దు. నీకోసం ఆగితే నేను ఆగిపోతాను, నాకు తెలుసు.

… వదినకి నువ్వే చెప్పాలి. ఆవిడకి తెలుసో తెలియదో నేనడగను. అది మీ ఇద్దరి గొడవ.

… బయల్దేరుతున్నా. సంచి భుజానికి తగిలించుకున్నాను. ఉత్తరం ఉంది, కార్డు ఉంది, తాళంచెవి ఉంది. యూనిఫాం మేస్త్రి గారి ముందు పెట్టి, ఇద్దరం కూర్చుని చూసి, అప్పుడు నిజంగా కాలుస్తాం.

… రాత్రికి వస్తాను. ఎక్కడికి పోతాను? కానీ నాతో మాట్లాడకు. కోపం తగ్గాక నేనే మాట్లాడతాను. ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. మూడు నెలలు పట్టినా నువ్వడగడానికి లేదు.

ఆ, అన్నట్టు… కొత్త యూనిఫాం రేపిస్తారు. రేపు రాత్రికి తెచ్చి నీ కొట్లో మిషను మీద పెడతాను. ఎడమవైపు లోపలి జేబు వెయ్యి. మూత, గుండీ, అన్నీ పాతదాన్లాగే.

… కోపం తగ్గిందనుకోకు. నువ్వు గట్టిగా కుడతావని ఇస్తున్నాను, అంతే.

… ఉండు, తలుపు దగ్గరున్నాను. ఒక చేత్తో తాళం, ఒక చేత్తో ఫోను… ఆ. … లేదు, చెప్పు, వింటున్నా.

… నడుస్తున్నా. పాలవాడి గోడ దాటాను. … అవును, రోజూ ఇక్కణ్ణుంచే వెనక్కి వచ్చేదాన్ని. తాళం లాగి చూసి, మళ్ళీ ఇక్కడిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి. ఆ గోడ పక్కన కుక్క కూడా నాతో లేచి, నాతో వచ్చి, విసుగెత్తి పడుకునేది. ఇవాళ తలెత్తి చూస్తోంది, ఎటు పోతుందిరా ఇది అని.

… వెళ్ళి చూడాలని ఉంది. కాళ్ళు అటే లాగుతున్నాయి. అబద్ధమెందుకు?

… ఏంటి? సరిగా వినపడలేదు, లారీ వెళ్తోంది. గట్టిగా అను.

…

తాళం వేశావా అంటావా?

వేశాను అన్నయ్యా.

… నిన్ను అడగడం లేదు. చెప్తున్నాను. బస్సొచ్చింది, పెట్టేస్తున్నా.